‘కాదు’కీ ‘లేదు’కీ తేడా తెలిస్తే స్పానిష్ సగం వచ్చినట్టే

స్పానిష్ నేర్చుకుందామని ఉత్సాహంగా మొదలుపెట్టి, నాలుగు వారాలు తిరక్కుండానే పుస్తకం అటకెక్కించేసేవాళ్లు చాలామంది. వాళ్లని ఆపేది పదజాలం కాదు, ఉచ్చారణ కూడా కాదు. తొలి పాఠాల్లోనే ఎదురయ్యే రెండు క్రియలు: సేర్, ఎస్తార్. రెండూ ‘ఉండటం’ గురించినవే, ‘అయి ఉండటం’ గురించినవే. ఇంగ్లిష్‌లో రెంటికీ కలిపి ఒకటే మాట. ఎక్కడ ఏది వాడాలో తేలదు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న బెరుకు పట్టుకుంటుంది. అక్కడితో నోరు మూతపడుతుంది.

తెలుగింట పుట్టినవాళ్లకి ఈ బెరుకు అక్కర్లేదు. ఈ తేడా మన భాషలో ఎప్పటినుంచో ఉంది. మనమే మధ్యలో ఇంగ్లిష్‌ని కూర్చోబెట్టుకుని కష్టం చేసుకుంటున్నాం.

హైదరాబాద్‌ నానక్‌రామ్‌గూడలో కూర్చుని స్పానిష్ ఎందుకని అడిగేవాళ్లకి రెండు మాటలు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇక్కడి ఆఫీసుల్లో చాలా అంతస్తుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మెక్సికో సిటీలో అప్పుడు ఉదయం పది. టీసీఎస్ గ్వాదలహారాలో, ఇన్ఫోసిస్ మోంతెర్రేలో ఆఫీసులు తెరిచింది 2007లోనే. మన కంపెనీలకీ మెక్సికోకీ సంబంధం కొత్తదేం కాదు. స్పానిష్‌లో అధికార వ్యవహారాలు నడిచే దేశాలు 20, అది మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 50 కోట్లు. ఇక 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారిన అమెరికా కాన్సులేట్‌లో వీసా చేతికందుకుని టెక్సస్ వెళ్లే కుర్రాళ్లు, అక్కడ ఇంగ్లిష్‌తో పాటు అడుగడుగునా వినబోయేది స్పానిషే. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడుకునేవాళ్లు నాలుగు కోట్లకు పైమాటే.

సరే, పాఠంలోకి వద్దాం. ఇంగ్లిష్ ద్వారా చెప్పే చాలా పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది: శాశ్వతమైన వాటికి సేర్, తాత్కాలికమైన వాటికి ఎస్తార్. వినడానికి బాగుంటుంది. వాడబోతే వారంలో కూలిపోతుంది. మాద్రిద్ స్పెయిన్‌లో ఉంది. అంతకన్నా శాశ్వతం ఇంకేముంటుంది? అయినా అక్కడ ఎస్తారే. మనిషి చనిపోతే తిరిగి రాడు. అయినా ‘ఎస్తా మ్వెర్తో’ అంటారు, అదీ ఎస్తారే. చదువు నాలుగేళ్లలో అయిపోతుంది, అయినా ‘నేను విద్యార్థిని’ అనడానికి సేరే. సూత్రం ఒకటి, మినహాయింపులు యాభై. నేర్చుకునేవాడు తనకి బుర్ర లేదనుకుంటాడు. లోపం వాడిది కాదు, సూత్రానిది.

ఆ సూత్రాన్ని పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి. ‘నేను ఇంజినీర్‌ని.’ ఇందులో క్రియ ఎక్కడుంది? లేదు. బడిలో చదువుకున్నాం, దీన్ని క్రియారహిత వాక్యం అంటారు. చేకూరి రామారావు 1975లో వచ్చిన ‘తెలుగు వాక్యం’లో ఇలాంటి వాక్యాలను ప్రత్యేకంగా చర్చించారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌తో కలిసి 1985లో ఆధునిక తెలుగుకి రాసిన వ్యాకరణమూ వీటిని విడిగా పరిశీలించింది. ఆ కృష్ణమూర్తిగారు ఆ తర్వాత వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఇక్కడికి కూతవేటు దూరంలో, గచ్చిబౌలిలోనే ఉంది. పక్కనే అంత పెద్ద భాషాశాస్త్ర సంపద ఉండగా, మన నాలుక మీదున్న వ్యాకరణాన్ని మనం పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఇంకో వాక్యం: ‘నేను ఆఫీసులో ఉన్నాను.’ ఇక్కడ క్రియ ఉంది. ఈ రెండు వాక్యాలకీ వ్యతిరేకం చెప్పండి. ‘నేను ఇంజినీర్‌ని కాను.’ ‘నేను ఆఫీసులో లేను.’ మొదటిదానికి ‘కాదు’ వచ్చింది, రెండోదానికి ‘లేదు’ వచ్చింది. తెలుగు పిల్లవాడు బడికి వెళ్లకముందే ఈ రెంటినీ కలగాపులగం చేయడం మానేస్తాడు. ‘నేను ఆఫీసులో కాను’ అని ఎవరూ అనరు.

స్పానిష్ తేడా చాలావరకు ఇదే. వాక్యాన్ని తెలుగులో అనుకోండి, వ్యతిరేకం చేయండి. ‘కాదు’ వస్తే సేర్, ‘లేదు’ వస్తే ఎస్తార్. సోయ్ ఇన్‌హెనియేరో: ఇంజినీర్‌ని. ఎస్తోయ్ ఎన్ లా ఒఫిసీనా: ఆఫీసులో ఉన్నాను. ‘మాది హైదరాబాద్’ అన్నదానికి వ్యతిరేకం ‘కాదు’, అందుకే సోయ్ దె హైదరాబాద్. ‘ఈరోజు సోమవారం’, ‘ఈ ఫోను నాది’, ‘ఆమె మా టీమ్ లీడ్’: మూడింటికీ ‘కాదు’, మూడూ సేర్. ‘హైదరాబాద్ తెలంగాణలో ఉంది’ అన్నదానికి ‘లేదు’, కాబట్టి ఎస్తార్. శాశ్వతమా, తాత్కాలికమా అన్న చర్చే రాలేదు చూడండి. యాసతోనూ పేచీ లేదు. ‘ఏడున్నవ్?’ అని అడిగినా, ‘ఎక్కడున్నావ్?’ అని అడిగినా స్పానిష్‌లో ‘దోందె ఎస్తాస్?’

ఎస్తార్ ఎలాంటిదో మనసులో నిలవడానికి ఇంకో ఆధారం ఉంది. అది నిలబడటం అనే అర్థమున్న లాటిన్ క్రియ ‘స్తారె’ నుంచి వచ్చింది. ఆ స్తారే, సంస్కృతంలోని ‘స్థా’ ధాతువూ ఒకే మూలానివి. మనం రోజూ వాడే స్థితి, స్థానం ఆ ధాతువు నుంచి పుట్టినవే. ఎస్తార్‌తో చెప్పేదీ ప్రధానంగా ఆ రెండే: ఏ స్థితిలో ఉన్నాం, ఏ స్థానంలో ఉన్నాం.

చిక్కు వచ్చేది గుణాలు చెప్పేటప్పుడు. ‘టీ వేడిగా ఉంది’, ‘ఇల్లు పెద్దగా ఉంది’. తెలుగులో రెంటికీ ‘ఉంది’ వచ్చింది. స్పానిష్‌లో మాత్రం టీకి ఎస్తార్, ఇంటికి సేర్. ఇక్కడ రెండో పరీక్ష పెట్టాలి. ఆ గుణానికి ‘ది’, ‘వాడు’, ‘మనిషి’ లాంటివి తగిలించి చూడండి. ‘ఇల్లు పెద్దది’ అనగలం, అది సేర్. ‘టీ వేడిది’ అనం, అది ఎస్తార్. ‘అతను మంచివాడు’ సేర్. ‘నేను బిజీగా ఉన్నాను’ అంటామే గానీ ‘నేను బిజీవాణ్ని’ అనం, కాబట్టి ఎస్తార్. ‘చీర కొత్తది’ సేర్, ‘చీర తడిగా ఉంది’ ఎస్తార్. నూటికి నూరుపాళ్లూ తగులుతుందని చెప్పను గానీ, శాశ్వత-తాత్కాలిక సూత్రం కంటే ఎన్నోరెట్లు నమ్మకమైనది.

కొన్ని పదాలకి రెండు క్రియలూ వస్తాయి, అర్థం మారిపోతుంది. ‘లీస్తో’ని చూడండి. ఎస్తార్‌తో వస్తే ‘సిద్ధంగా ఉన్నాడు’. సేర్‌తో వస్తే ‘తెలివైనవాడు’. డెమో మొదలయ్యే ముందు అటునుంచి మేనేజర్ ‘ఎస్తాస్ లీస్తో?’ అని అడిగాడనుకోండి. సిద్ధమేనా అని ఆయన ప్రశ్న. కంగారులో మీరు ‘సీ, సోయ్ లీస్తో’ అన్నారంటే, ‘అవును, నేను తెలివైనవాణ్ని’ అన్నట్టు. పెద్ద ప్రమాదమేం లేదు, అవతలివాళ్లు అర్థం చేసుకుంటారు. కానీ తెలుగులో అనుకుని చూస్తే ఆ తప్పు రాదు. ‘సిద్ధంగా ఉన్నాను’లో ఉన్నాను ఉంది, ‘తెలివైనవాణ్ని’లో లేదు. ‘అబుర్రీదో’ కూడా ఇంతే. సేర్‌తో అయితే జనానికి విసుగు పుట్టించే మనిషి. ఎస్తార్‌తో అయితే తనే విసుగొచ్చి కూర్చున్న మనిషి.

ఐటీవాళ్లకి రోజూ పనికొచ్చేది మరొకటి. తలుపు తెరిచి ఉంది. ఫైలు సేవ్ అయి ఉంది. సర్వర్ పడిపోయి ఉంది. ఒక పని జరిగిపోయి, దాని ఫలితం అలా నిలిచి ఉందని చెప్పడానికి మనం ‘తెరిచి ఉంది’, ‘అయి ఉంది’ అంటాం. స్పానిష్ కూడా అచ్చం ఇదే దారిలో నడుస్తుంది: లా ప్వెర్తా ఎస్తా అబియెర్తా, ఎల్ సెర్బిదోర్ ఎస్తా కాయీదో. ‘కాయీదో’ అంటే పడిపోయిన అనే. సర్వర్ పడిపోవడమన్నది ఇక్కడా అక్కడా ఒకే మాట. ఇందాకటి ‘ఎస్తా మ్వెర్తో’ రహస్యం కూడా ఇదే. ‘చనిపోయి ఉన్నాడు’ అంటే ఎస్తార్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మరణం తాత్కాలికమా అని తల పట్టుకోనక్కర్లేదు. ‘పనిచేస్తున్నాను’ కూడా అంతే. ‘చేస్తూ ఉన్నాను’ కలిసిపోతే వచ్చిన మాట అది. స్పానిష్‌లో ఎస్తోయ్ త్రాబహాందో.

అయితే ‘ఉంది’ మన దగ్గర చాలా చాకిరీ చేస్తుంది. అందులో కొంత పనిని స్పానిష్ వేరే క్రియలకి అప్పగించింది. మూడు జాగ్రత్తలు చెబుతాను. ‘నాకు’తో మొదలయ్యే చాలా వాక్యాల్లో ఎస్తార్ జోలికి వెళ్లకండి. నాకు ఆకలిగా ఉంది, నాకు జ్వరంగా ఉంది, నాకు ఇద్దరు పిల్లలున్నారు: వీటికి ‘తెంగో’ వాడాలి. తెంగో ఆంబ్రె అంటే ఆకలిగా ఉందని. అసలు ఉందో లేదో వాకబు చేసేటప్పుడు, ‘ఇక్కడ పార్కింగ్ ఉందా?’, ‘దగ్గర్లో చాయ్ బండి ఉందా?’ లాంటి వాటికి ‘ఆయ్’ అనే ఒక్క మాట చాలు. ఇక మీటింగులు. ‘మీటింగ్ మూడో అంతస్తులో ఉంది’ అంటాం కదా, స్పానిష్‌లో దానికి సేర్ కావాలి. ‘ఉంది’ తీసి ‘జరుగుతుంది’ పెట్టి చూడండి, సరిపోతే సేర్. మీటింగ్ జరుగుతుంది, పెళ్లి జరుగుతుంది, అందుకని సేర్. మీటింగ్‌కి వచ్చిన మనిషి మూడో అంతస్తులో ‘జరగడు’, ఉంటాడు, కాబట్టి అతనికి ఎస్తార్.

‘నాకు’ అనే మాట ఇంకోచోట మనకి పెద్ద వరం. స్పానిష్‌లో ‘నేను టీని ఇష్టపడతాను’ అన్న పద్ధతి కంటే ‘నాకు టీ నచ్చుతుంది’ అన్న పద్ధతే వాడుక: మె గుస్తా ఎల్ తే. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకి వాక్యాన్ని ఇలా తలకిందులు చేయడం నెలల తరబడి తలనొప్పి. మనకి అది పుట్టుకతో వచ్చింది. కర్తని వదిలేసి క్రియతోనే పని కానిచ్చేయడం కూడా అంతే. ‘ఆఫీసులో ఉన్నా’ అంటే ఎవరన్నది మనకి క్రియ చివర తెలిసిపోతుంది, స్పానిష్‌లోనూ ‘ఎస్తోయ్’ అనగానే తెలిసిపోతుంది. నువ్వు, మీరు అన్న మర్యాద తేడా ఇంగ్లిష్‌లో లేదు, స్పానిష్‌లో ఉంది. స్నేహితుణ్ని ‘కోమో ఎస్తాస్?’ అనాలి. పెద్దవాళ్లనో కొత్త క్లయింటునో ‘కోమో ఎస్తా ఉస్తెద్?’ అనాలి, అంటే ‘ఎలా ఉన్నారండీ?’ అన్నమాట.

ఉచ్చారణలోనూ మనదే పైచేయి. స్పానిష్ త, ద, ప, క మన త, ద, ప, క లే. ఇంగ్లిష్‌లో పలికినట్టు ‘ఎస్టోయ్’ అనకండి, మన ‘త’తో ‘ఎస్తోయ్’ అనండి. ‘పేరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. ర ని గట్టిగా దొర్లించి పలకడం తెలుగువాళ్లకి ఓ లెక్కలోది కాదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఐటీ కారిడార్‌లో మాతృభాషని లోటుగా చూసుకునే పిల్లలు చాలామంది కనిపిస్తారు. తెలుగు మీడియంలో చదువుకున్నామని ఇంటర్వ్యూల్లో దాచుకుంటారు, కాల్స్‌లో మ్యూట్ తీయడానికి జంకుతారు. మూడో భాష నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లిష్ దిట్టంగా ఉండాలని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఇవాళే వదిలేయండి. నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు, కుడివైపు స్పానిష్ రాయండి. ఇంగ్లిష్‌కి ఆ పేజీలో చోటివ్వకండి. స్పానిష్ మాటలు తెలుగు లిపిలోనే రాసుకోండి, తప్పేం లేదు. స్పెల్లింగు తర్వాత వస్తుంది.

సేర్, ఎస్తార్ నేర్చుకుంటూ పోతే మనిషి తన గురించి తాను మాట్లాడుకునే తీరు కూడా మారుతుంది. ఉద్యోగం లేకపోవడాన్ని స్పానిష్‌లో ఎలా చెబుతారో చూడండి: ఎస్తోయ్ సిన్ త్రాబాహో. పని లేకుండా ఉన్నాను. అక్కడ ఎస్తార్. వృత్తికి మాత్రం సేర్. అంటే ఉద్యోగం పోయిన రోజున కూడా ఒక మనిషి ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చెప్పగలడు: సోయ్ ఇన్‌హెనియేరో. ఎస్తోయ్ సిన్ త్రాబాహో. ఇంజినీర్‌ని. ప్రస్తుతం పని లేకుండా ఉన్నాను.

లేఆఫ్ మెయిల్ వచ్చిన సాయంత్రం బ్యాడ్జి, ల్యాప్‌టాప్ అప్పగించి గేటు దాటే కుర్రవాడు తనకి తాను చెప్పుకునేది వేరేగా ఉంటుంది. ‘నేను పనికిరానివాణ్ని’ అనుకుంటాడు. క్రియ లేని వాక్యం అది. కాలం లేదు, చోటు లేదు, కారణం లేదు. అలా అనుకున్నవాడు పదిరోజులపాటు ఎవరికీ ఫోన్ చేయడు, రెజ్యూమె తెరవడు, ఇంట్లో అమ్మానాన్నలకి చెప్పడు. ‘పని లేకుండా ఉన్నాను’ అనుకున్నవాడికి మాత్రం వెంటనే ప్రశ్నలు వస్తాయి: ఎప్పటినుంచి, ఎందుకు, ఎవరినడగాలి? వాటికి జవాబులుంటాయి. ఇది వట్టి ఓదార్పు మాట కాదు. వాక్యం నిర్మాణమే చెబుతోంది. మీ ఫ్రెండు అలాంటి రోజున ఫోన్ చేస్తే ముందు ఆ వాక్యాన్ని మార్పించండి.

మేనేజర్లకి ఇదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. అప్రైజల్ కూర్చున్నప్పుడు ‘నువ్వు నిర్లక్ష్యపు మనిషివి’ అన్నారంటే ఆ అమ్మాయి సరిదిద్దుకునేది ఏమీ ఉండదు. ‘గత రిలీజ్‌లో టెస్టింగ్ విషయంలో నిర్లక్ష్యంగా ఉన్నావమ్మా’ అంటే ఏ రిలీజో, ఏ టెస్టులో ఆమెకి తెలుసు. అలాగని అన్నిటినీ ‘ఉన్నావు’లోకి మార్చేయమనడం లేదు. మంచివాణ్ని మంచివాడనే అనండి. పనిమంతురాలిని ‘ఈమధ్య బాగా పనిచేస్తున్నావ్’ అని సరిపెట్టకుండా, ‘నువ్వు పనిమంతురాలివి’ అని నోరారా చెప్పండి. సేర్ అందుకోసమే ఉంది.

ఇక సాధన. రూపాలు పదే పది: సోయ్, ఎరెస్, ఎస్, సోమోస్, సోన్. ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామోస్, ఎస్తాన్. స్పెయిన్‌లో ‘మీరంతా’ అనడానికి ఇంకో జత వాడతారు, మెక్సికో వాళ్లతో మాట్లాడటానికి అది అక్కర్లేదు. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసు చేరేదాకా దారిలో కనిపించినవాటి మీదే వాక్యాలు అల్లండి. బస్సు నిండుగా ఉంది. ఆ భవనం ఎత్తైనది. నేను ఇంకా దారిలో ఉన్నాను. ఇవాళ శుక్రవారం. ముందు తెలుగులో అనండి, కాదా లేదా చూడండి, తర్వాత స్పానిష్‌లోకి మార్చండి. పైకి వినిపించేలా అనండి. లోపల అనుకున్నది నాలుకకి అలవాటు కాదు. రాత్రి కాల్‌లో మొదటి నిమిషం ఎలాగూ కుశలప్రశ్నలకే పోతుంది. ఆ నిమిషాన్ని స్పానిష్‌లో నడపండి: ‘కోమో ఎస్తాన్? ఎస్తోయ్ బియెన్. ఎస్తామోస్ లీస్తోస్.’ ఎలా ఉన్నారు, బాగున్నాను, మేం సిద్ధంగా ఉన్నాం. పనికి సంబంధించిన అసలు చర్చ ఇంగ్లిష్‌లోనే చేసుకోండి. తొందరేం లేదు.

ఒక చోట తెలుగు సాయం పలచబడుతుంది, ముందే తెలుసుకోవడం మంచిది. ‘అప్పట్లో నేను టీచర్‌ని’ అన్నా, ‘ఇప్పుడు నేను టీచర్‌ని’ అన్నా మన వాక్యం మారదు, ఎందుకంటే మార్చడానికి అందులో క్రియే లేదు. స్పానిష్‌లో భూతకాలానికి ‘ఏరా’ అని విడిగా చెప్పాలి. అక్కడి నుంచి ఒంటరిగా పుస్తకాలతో కుస్తీ పట్టకుండా గురువు దగ్గర చేరండి. తార్నాకలో ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లిష్ కోసం మొదలై, 1972లో విదేశీ భాషల్నీ పేరులో చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ. స్పానిష్ అక్కడ చెబుతారు. కంపెనీలు అడిగే సర్టిఫికెట్ కావాలంటే ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ వారి దేలె పరీక్ష ఉంది. ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు, మొదటి మెట్టుకి సేర్, ఎస్తార్ వర్తమానకాలం బాగా పట్టుబడి ఉండాలి. క్లాసులో చేరిన మొదటి వారంలోనే ‘ఉండేవాణ్ని’ అనడానికి ఎస్తాబా ఎప్పుడు, ‘ఆ గంటసేపు అక్కడే ఉన్నాను’ అనడానికి ఎస్తూవె ఎప్పుడు అని టీచర్‌ని అడగండి. ఆ రెండు వాక్యాలూ తెలుగులోనే రాసి తీసుకెళ్లండి.